వ్యాన్ వెనక నిలబడ్డ మనిషి

ఆ వ్యాన్ నా చేతికి వచ్చేటప్పటికే దానికి తొమ్మిదేళ్లు నిండాయి. తొంభైల మధ్యలో చిత్తూరులో ఒక బియ్యం వ్యాపారి దగ్గర కొన్నాను. డీజిల్ బండి. ముందు రెండు సీట్లు, వెనక అంతా ఖాళీ డబ్బా. ఆ డబ్బాలో పాలక్యాన్లు పేర్చుకుని, పలమనేరు చుట్టుపక్కల పల్లెలు తిరిగి, ఎనిమిది కొట్టేలోపు పాలు డెయిరీలో దించాలి. అదే మా బతుకుతెరువు. పాలు ఎవరి కోసమూ ఆగవు. ఆలస్యమైతే విరిగిపోతాయి. విరిగిన పాలను డెయిరీవాళ్లు దించుకోరు. మరునాడు ఆ పల్లెల్లో ఆడవాళ్లకు ముఖం చూపించలేం.

బండి మీద నాకు మహా మోజు. ఆదివారం వస్తే చాలు, లుంగీ ఎగ్గట్టి చక్రాల సందుల్లో మట్టి కూడా వదలకుండా కడిగేవాణ్ని. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చిందీ, గ్రీజు ఎప్పుడు కొట్టిందీ నోటిలెక్కగా చెప్పేవాణ్ని. ఫ్యాన్ బెల్టు కొంచెం వదులైతే శబ్దాన్ని బట్టే తెలిసిపోయేది. రెండో ఏడు కొత్తగా నీలం రంగు వేయించాను. మూడో ఏడు టేప్ రికార్డర్ పెట్టించి, వెనక తలుపుల దగ్గర రెండు స్పీకర్లు బిగించాను.

దానికి ఒకే ఒక్క రోగం ఉండేది. ఇంజన్ చల్లబడితే, అందులోనూ తెల్లవారుజామున, స్టార్ట్ అయ్యేది కాదు.

పలమనేరు చలి ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కింద తిరుపతిలో ఫ్యాన్లు తిరుగుతుంటే మా ఊళ్లో కంబళ్లు కప్పుకుంటాం. ఆ చలికి డీజిల్ ఇంజన్ బిగుసుకుపోతుంది. దాన్ని లోపల వెచ్చబెట్టడానికి హీటర్ ప్లగ్గులు ఉంటాయి, తాళం తిప్పినప్పుడు ఇంజన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటారు ఉంటుంది. నా బండిలో రెండూ ఉన్నాయి, పేరుకు మాత్రం.

చిత్తూరు రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ మొదటి ఏడే చెప్పాడు. "సెల్ఫ్ అరిగిపోయినాదప్పా. ప్లగ్గులు నాలుగిట్లో రెండు సచ్చినాయి. బ్యాటరీ కూడా అంతంతమాత్రమే. ఒక పూట బండి నాకాడ వదిలిపెట్టు, అన్నీ సరిజేసి ఇస్తా."

"పూటంతా వదిలితే పాలు ఎవురు మోసేది?" అన్నాను.

అది అబద్ధం. పదిన్నరకల్లా నా పని ముగిసేది. ఆ తర్వాత బండి సాయంత్రం దాకా మా ఇంటి ముందు ఎండలో ఊరికే నిలబడి ఉండేది. అసలు కారణం వేరు. ఆ రోగం నన్ను ఇబ్బంది పెట్టలేదు. తోయడానికి ఇంట్లో మనిషి ఉంది.

నా భార్య నాకు మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచి నన్ను "బావా" అనే పిలుస్తుంది. మా ఇల్లు పుంగనూరు రోడ్డు వైపు, ఊరి చివర. ఇంటి ముందు నుంచి ముప్పై అడుగులు మట్టిదారి చదునుగా ఉంటుంది. ఆ తర్వాత వాలు. వాలులో పడితే బండి తనంతట తానే దొర్లుతుంది. అప్పుడు రెండో గేరులో క్లచ్ వదిలితే ఇంజన్ దగ్గి, దడదడలాడి అందుకుంటుంది. కష్టమంతా ఆ ముప్పై అడుగులే.

రోజూ మొబ్బుతో, ఇంకా చీకటి ఉండగానే లేచి, ఖాళీ క్యాన్లు ఎక్కించి, వంటింట్లోకి తల పెట్టి పిలిచేవాణ్ని. "మే, రా, ఒక తోపు."

ఆమె కొంగు నడుముకు దోపుకుని వచ్చేది. మొదట్లో నేను కూడా తోసేవాణ్ని. తలుపు తెరిచి పెట్టి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, భుజం తలుపు కమ్మీకి ఆనించి తోస్తూ, వాలు దగ్గర పడగానే లోపలికి దూకేవాణ్ని. రానురాను ఆ దూకడం బద్ధకమైంది. మోకాలు పట్టేసిందని ఒకరోజు ముందే సీట్లో కూర్చున్నాను. ఆమె ఒక్కతే వంగి, రెండు అరచేతులూ వెనక తలుపుకు ఆనించి తోసింది. బండి కదిలింది. కదిలింది కదా అని మరునాడూ కూర్చున్నాను. మోకాలి నొప్పి వారంలో పోయింది. నేను మళ్లీ దిగలేదు.

ఇంజన్ అందుకున్నప్పుడు వెనక తెల్లటి పొగ గుప్పుమనేది. అద్దంలో ఆ పొగ కనిపించేది, ఆమె కనిపించేది కాదు.

ఒకసారి ఆమే అడిగింది. "బావా, నేను స్టీరింగ్ కాడ కూసుంటా. నువ్వు తొయ్యి."

నేను నవ్వాను. "క్లచ్చి యాడుండాదో తెలుసా నీకు?"

"సూపిస్తే తెలుసుకుంటా."

"నువ్వు నేర్చుకునేసరికి పాలు పెరుగైపోతాయి గానీ, తొయ్యి."

చూపించడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఆ ఐదు నిమిషాలు నేను ఆరేళ్లలో ఎన్నడూ ఇవ్వలేదు.

రెండో కాన్పుకు ఆమె పుట్టింటికి వెళ్లినప్పుడు, ఎదురింటి టైలర్ను, పక్కింటి మాస్టారును రోజూ బతిమాలుకోవాల్సి వచ్చింది. వాళ్లు కాదనలేదు. అయినా వాళ్ల తలుపు తట్టాలంటే నాకు నామోషీగా ఉండేది. భార్యను పిలవడానికి మాత్రం ఏ నామోషీ లేదు. చంటిబిడ్డతో ఆమె తిరిగొచ్చిన మరుసటి రోజే వంటింట్లోకి తల పెట్టి పిలిచాను.

మా అమ్మ ఆ పక్కనే కూర్చుని ఉంది. "పచ్చి బాలింతరాలురా. నువ్వేమన్నా మనిషివా?" అంది.

నేను మాట్లాడకముందే నా భార్య లేచింది. "మూణ్ణెల్లు దాటిపాయ కదత్తా, ఏం గాదులే. పాలకు పొద్దుబోతుంది." బిడ్డను మా అమ్మ ఒళ్లో పెట్టి, కొంగు దోపుకుంటూ బయటికొచ్చింది. ఏం కాదని ఆమే అంది కదా అనుకున్నాను. ఆ మాట నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది.

ఆ తర్వాత ఆమెలో కొన్ని మార్పులు వచ్చాయి. నేను చూశాను, పట్టించుకోలేదు. నడక నెమ్మదైంది. పెళ్లిళ్లకు రమ్మంటే ఏదో ఒక సాకు చెప్పేది. కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునేది. దగ్గు వస్తే రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి, కళ్లు మూసుకుని దగ్గేది. ఇద్దరు పిల్లల తల్లి, అలసట ఉంటుంది అనుకున్నాను. ఇంజన్‌లో చిన్న టిక్కు టిక్కుమనే శబ్దం వస్తే మెకానిక్ దగ్గరికి పరుగెత్తే మనిషిని నేను.

ధనుర్మాసంలో ఒకరోజు మంచు దట్టంగా పడింది. నేను సీట్లో కూర్చుని, క్లచ్ తొక్కిపెట్టి "ఊ, తొయ్" అన్నాను. బండి నాలుగడుగులు కదిలి ఆగిపోయింది. "తొయ్ మే!" అని అరిచాను. కదల్లేదు. హారన్ కొట్టాను. మళ్లీ కొట్టాను.

విసుక్కుంటూ దిగి వెనక్కి వెళ్లాను. ఆమె నేల మీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి బంపర్ను పట్టుకుని ఉంది, ఇంకో చెయ్యి పొత్తికడుపు మీద ఉంది. అంత చలిలో నుదుట చెమట.

"ఏమైంది?"

"ఏం లేదు. ఈపొద్దు నా చేత గాదు బావా. టైలరన్నను పిలుచుకోని నువ్వు పో. పాలు విరిగిపోతాయి."

నేను వెళ్లిపోయాను. ఆమెను లేవదీసి అరుగు మీద కూర్చోబెట్టాను, టైలర్ను పిలిచాను, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాను. ఆ పూట పల్లెలన్నీ తిరిగాను. టేప్ రికార్డర్ మాత్రం వెయ్యలేదు. అది కూడా ఒక మంచితనం కింద లెక్క వేసుకున్నానేమో.

తిరిగొచ్చేసరికి ఆమె పడుకుని ఉంది. మా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "ఆ పిల్లకు గర్భసంచి జారిందిరా. రెండేండ్లుగా గుడ్డ కట్టుకోని తిరగతాండాది. నీకు సెప్పొద్దని నాతో ఒట్టేయించుకునింది. నేనూ నోరు మూసుకుంటి, పాపం నాది గూడా."

మరుసటి వారం తిరుపతిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. బండిలో వెళ్దామంటే ఆసుపత్రి ముందు దాన్ని ఎవరు తొయ్యాలి? బస్సులో వెళ్లాం. పాల పని పది రోజులు ఇంకొక బండాయనకు అప్పగించాను. ఒక్క మాటతో ఒప్పుకున్నాడు. అంతకుముందు ఒక్క పూటకు కూడా ఎవరినీ అడగలేదు నేను.

డాక్టరమ్మ పరీక్ష చేసి నన్ను కూడా లోపలికి పిలిచింది. నర్సులు ఇద్దరు పక్కన ఉన్నారు. "బాగా కిందికి వచ్చేసింది. ఇన్నాళ్లు ఎట్లా ఓర్చుకున్నావమ్మా? బరువు పనులు ఏమన్నా చేస్తావా?"

నా భార్య నా వైపు చూడలేదు. "బోరింగు కాడి నించి నీళ్లు మోస్తా మేడమ్. అంతే."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మగమనిషివి, రెండు బిందెలు నువ్వు మోయలేవా?"

నేను తల వంచుకున్నాను. "మోస్తా మేడమ్."

కాన్పు తర్వాత తొందరగా బరువులు ఎత్తితే ఇలా అవుతుందని, కొందరికి ఎత్తకపోయినా అవుతుందని, ఫలానాదే కారణమని గట్టిగా చెప్పలేమని ఆవిడ అంది. చివరి మాటను పట్టుకుని ఆ రాత్రి నిద్రపోదామని చూశాను. పట్టు చిక్కలేదు.

గర్భసంచి తీసేశారు. ఆమె ఆసుపత్రిలో ఉండగా ఒకరోజు తోడుగా మా అమ్మను పెట్టి, నేను పలమనేరు వెళ్లాను. టైలర్తో తోయించుకుని బండిని షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ సెల్ఫ్ మోటారు విప్పి కొత్త సామాన్లు వేశాడు, నాలుగు ప్లగ్గులూ మార్చాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి, మధ్యాహ్నం అన్నానికి ముందే చేతులు కడుక్కున్నాడు.

ఆమెను ఇంటికి పంపే రోజు బండి తీసుకెళ్లాను. వెనక డబ్బాలో పరుపు వేసి, దాని మీద రెండు దుప్పట్లు పరిచాను. ఆమెను మెల్లగా ఎక్కించి, నేను ముందుకొచ్చి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. వెనక్కి తిరిగి ఆమె ముఖం వైపు చూశాను.

"ఎప్పుడు చేయించినావు?" అంది.

"మొన్న. ఒక పూటలో అయిపోయినాది."

ఆమె కాసేపు ఇంజన్ చప్పుడు వింటూ ఉండిపోయింది. "ఇంతేనా బావా?" అంది. అటు తిరిగి పడుకుంది. చంద్రగిరి దాటేదాకా ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి. కుదుపులు తగులుతున్నాయా అని అడిగాను. లేదంది.

ఆ తర్వాత కూడా నేను బండి తీసే వేళకు ఆమె మెలకువతోనే ఉండేది. పడుకోమని చెప్పినా వినేది కాదు. ఇంజన్ అందుకునేదాకా గడపలో నిలబడి, అందుకోగానే లోపలికి వెళ్లేది. క్లచ్ నేర్పించనా అని ఒకరోజు అడిగాను. "ఇప్పుడేమిటికి?" అంది.

మూడు నెలలకు మళ్లీ చూపించుకోవడానికి తిరుపతి వెళ్లాం. డాక్టరమ్మ అంతా బాగుందని చెప్పి, నవ్వుతూ "ఇప్పుడు నీళ్లు ఎవరు మోస్తున్నారు?" అని అడిగింది. "నీళ్లు కాదు మేడమ్. నా వ్యాన్ తోసింది ఈమె. ఆరేండ్లు. నేను లోపల కూసుంటే ఈమె తోసింది," అన్నాను.

ఒక నర్సు నా భార్యను తలనుంచి కాళ్లదాకా చూసింది. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. "ఆరేళ్లా అమ్మా?" అని ఆమెనే అడిగింది. ఆమె కొంగు సర్దుకుని లేచింది.

బండెక్కాక ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకేమో గుండె తేలికగా ఉంది. నిజం చెప్పినవాణ్ని కదా. ఊరు దాటి చాలా దూరం వచ్చాక ఆమె అంది, "సెప్పేసి నువ్వు నిమ్మళమైతివి. ఆ నర్సమ్మ నన్ను సూసిన సూపు నువ్వు సూసినావా? ఎద్దును సూసినట్ల సూసింది. నేను దాసిపెట్టుకునింది నీ మానమొక్కటే అనుకున్నావా? నా మానం గూడా."

"తప్పు నాది," అన్నాను.

"తెలుసు," అంది.

చిత్తూరులో ఆగమంది, ఆకలవుతోందని. హోటల్లో ఎదురెదురుగా కూర్చుని దోసెలు తిన్నాం. ఆమె తన దోసె పూర్తిగా తిని, ఇంకొకటి చెప్పమంది. చేతులు కడుక్కుని వచ్చేటప్పుడు, "ఈ మాట నీ అక్కసెల్లెండ్లకు మాత్రం సెప్పొద్దు," అంది. సరేనన్నాను. నన్ను క్షమించావా అని ఆ రోజు అడగలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు గడిచాయి, అడగడానికి ధైర్యం రాలేదు. అడిగితే ఆమె, అప్పుడు "ఏం గాదులే" అన్నట్టే, క్షమించానంటుందని నాకు తెలుసు. అందుకే అడగలేను.