ఆర్పులాయన టీ

మా బావ పిల్లికి బిచ్చం పెట్టని రకమని అక్క పెళ్లయిన వారానికే మా ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఆ పిసినారితనం డబ్బు దగ్గర కాదు, కరెంటు దగ్గర. మనం గదిలోంచి కాలు బయటపెట్టడం ఆలస్యం, వెనకే స్విచ్చి టక్కుమనేది. ఒకసారి స్నానాల గదిలో మనిషి ఉండగానే లైటు ఆర్పేసి, లోపల్నుంచి కేక వినబడ్డాక, "ఉన్నావా? నీళ్ల చప్పుడు లేకపోతేనూ..." అని నసిగిన ఘనుడాయన. లోపలున్నది నేనే. కళ్లనిండా సబ్బు.

ఆఫీసులో ఆయన్ను అందరూ ఆర్పులాయన అనేవారు. తప్పేం లేదు, ఆయన ఉద్యోగమే అది. ముప్పై ఏళ్ల కిందట మా ఆఫీసువాళ్లు అంతరిక్షంలోకి ఒక నౌకను పంపారు. మనుషులు లేని నౌక. గ్రహాలన్నీ దాటేసి, మన సూర్యుడు కూడా మామూలు చుక్కలా కనబడేంత దూరం పోయింది. మేం దాన్ని ముసలమ్మ అంటాం. నన్ను ఆ ఆఫీసులో ప్రచార విభాగంలో పెట్టించింది బావే, ఆ మాట చెప్పుకోకపోతే కళ్లు పోతాయి. చేరిన కొత్తలో తెలివిగా ఒక ప్రశ్న వేశాను.

"బావా, అంత దూరం పోవాలంటే ఎంత ఇంధనం తాగుతుందో కదా!"

"ఎందుకురా తాగడం? అక్కడ అడ్డుపడే గాలి ఉందా, గతుకుల రోడ్డుందా? మొదట రాకెట్టు తోసింది. దారిలో పెద్ద గ్రహం పక్కనుంచి పోతూ దాని ఊపు కాస్త లాక్కుంది. ఇక ఆగమన్నా ఆగదు. ఉన్న కాస్త ఇంధనమూ మొహం మనవైపు తిప్పుకోడానికే."

"మరి కరెంటో?"

"ప్లుటోనియం. అంత దూరంలో ఎండ పనికిరాదు. ఆ ముద్ద తనంతట తనే వేడిగా ఉంటుంది, ఆ వేడిలోంచే కరెంటు. కాకపోతే ఏటా నాలుగు వాట్లు తగ్గిపోతుంది."

నాలుగు వాట్లంటే మనింట్లో ఓ చిన్న బెడ్‌ల్యాంపు. దానికోసం ఏటా ఒక మీటింగు: ఈ ఏడు ముసలమ్మలో ఏం ఆర్పాలి? ఒక్కో పరికరాన్నీ కన్నబిడ్డలా చూసుకునే శాస్త్రవేత్త ఒక్కొక్కరున్నారు. ప్రతివాడూ పక్కవాడి బిడ్డనే చూపించేవాడు. బావ అందరి మాటా వినేవాడు, చివరికి ఆర్పాల్సింది ఆర్పేవాడు. తర్వాత తనే రెండు కప్పుల టీ పట్టుకుని ఆ నష్టపోయిన మనిషి గదికి వెళ్లేవాడు. ఎదురెదురుగా కూర్చుని, ఒక్క మాటైనా లేకుండా ఇద్దరూ తాగేవారు. అది ఆయన పద్ధతి.

"సంతాపసభ అయిందా బావా?" అనేవాణ్ణి నేను, ఖాళీ కప్పులతో తిరిగొస్తుంటే.

"అయిందిరా," అనేవాడు. కప్పులు కడగడానికి పోయేవాడు.

ఇలా ఉండగా మాకు కొత్త డైరెక్టరుగారు వచ్చారు. ఆయన రావడమూ ముసలమ్మకు ముప్పయ్యేళ్లు నిండడమూ ఒకేసారి జరిగాయి. శనివారం వేడుక, మంత్రిగారు ముఖ్య అతిథి. "ముసలమ్మ చేత ఒక ఫొటో తీయిద్దాం," అన్నారు డైరెక్టరుగారు మీటింగులో. "అంత దూరంనుంచి మన భూమి చుక్కలా కనబడాలి. మంత్రిగారు కళ్లనీళ్లు పెట్టుకోవాలి." కార్యక్రమం పట్టికలో పదకొండుం పావుకి 'భావోద్వేగం' అని కూడా వేయించారు. టైపు చేసింది నేనే.

బావ లేచాడు. "కెమెరా ఆర్పేసి పదేళ్లయింది సార్. మళ్లీ పనిచేయాలంటే ఆరు గంటలు వెచ్చబెట్టాలి. అందుకు కావలసిన కరెంటు ఒక్కచోటే ఉంది, ఇంధనం గొట్టం హీటర్లో. అది ఆర్పితే అయిదు గంటల్లో గొట్టం గడ్డకడుతుంది. గడ్డకడితే ముసలమ్మ మొహం తిప్పుకోలేదు. ఇక మన మాట దానికి చేరదు, దాని మాట మనకు రాదు. ముప్పయ్యేళ్ల మనిషిని ఒక్క ఫొటో కోసం చంపుకుంటామా?"

"అయిదు గంటలని మీ లెక్క. ఏడు పట్టొచ్చుగా? కాస్త పాజిటివ్‌గా ఆలోచించండి."

"ఆ మాట గొట్టానికి చెప్పండి సార్."

అందరూ నవ్వారు. డైరెక్టరుగారు నవ్వలేదు. ముసలమ్మకు ఏ ఆదేశం పంపాలన్నా బావ సంతకం ఉండాలి. ఆయన రాని పూట మాత్రం డిప్యూటీ పెట్టొచ్చు. డిప్యూటీ నోట్లో నాలుక లేని మనిషి, చూపించినచోట సంతకం పెడతాడు. చిక్కల్లా ఎక్కడంటే, బావ రాని పూట అంటూ ఉండదు.

ఇక్కడే నా ప్రతాపం చెప్పాలి. ఆ వారం గురువారం అక్కకు కంటి ఆపరేషను. బావ నాతో రహస్యంగా అన్నాడు: "ఎవరితోనూ అనకు. అదేరోజు పొద్దున ఫోన్ చేసి చెప్తాను. ముందే తెలిస్తే ఈయన ఆదేశం సిద్ధం చేసి పెట్టుకుంటాడు." నేను తలూపాను. మర్నాడు డైరెక్టరుగారు పిలిచి, నా ప్రమోషన్ ఫైలు మీద వేళ్లు ఆడిస్తూ, "మీ బావగారు సెలవనేదే పెట్టరా?" అన్నారు. నరంలేని నాలుక కదా, "గురువారం మధ్యాహ్నం దాకా రారు సార్," అనేసింది.

గురువారం తొమ్మిదింటికి ఆదేశం వెళ్లిపోయింది. మన మాట ముసలమ్మకు చేరాలంటే పదిహేను గంటలు, జవాబు రావడానికి మరో పదిహేను. ఒంటిగంటకు బావ అక్కను ఇంట్లో దింపి, చేతిలో చుక్కల మందు చీటీతోనే వచ్చాడు. తెర చూశాడు. కుర్చీ లాక్కున్నాడు.

"ఇప్పుడేం చేస్తాం?" అన్నారు డైరెక్టరుగారు చేతులు దులుపుకుంటూ. "పోయినదాన్ని వెనక్కి పిలవలేం కదా!"

"పిలవలేం. ఇంకోటి పంపితే ముందుదాన్ని అందుకోనూ లేదు, రెండింటి వేగమూ ఒకటే," అంటూనే బావ కూర్చుని టైపు చేస్తున్నాడు. కెమెరా ఆపు, హీటరు వెయ్యి. "కానీ దాని వెనకే వెళ్తుంది. నాలుగు గంటల ఇరవై నిమిషాల తేడాతో."

"ఎవరి సంతకంతో?" అని అరిచారు డైరెక్టరుగారు.

"నాదే," అని బావ మీట నొక్కేశాడు.

ఇక ముప్పై గంటలు చెయ్యగలిగిందేమీ లేదు. బావ మధ్యమధ్య ఇంటికెళ్లి అక్క కంట్లో చుక్కలు వేసి వచ్చేవాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటినుంచి తెరమీద అంకెలు దిగుతూ వచ్చాయి. సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి నేను తేలు కుట్టిన దొంగలా తలుపు పక్కన నిలబడి ఉన్నాను. రెండు డిగ్రీల దగ్గర ఇంధనం గడ్డకడుతుంది. గొట్టం రెండు పాయింట్ నాలుగు దాకా దిగి, అక్కణ్ణుంచి మళ్లీ ఎక్కింది. ముసలమ్మ బతికింది. బావ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

"అయితే ఫొటో లేనట్టేనా?" అన్నారు డైరెక్టరుగారు.

లేకపోవడమేం, నేనున్నానుగా! తిమ్మిని బమ్మిని చెయ్యడానికే నాకు జీతం. ఆఫీసు కెమెరాకు మూత తియ్యకుండా ఒక ఫొటో తీశాను. నల్లటి ఆ ఫొటోలో మూలగా ఒక తెల్ల చుక్క పడింది, అది ఆ కెమెరా లోపం. దాన్ని గోడంత చేయించాను. మంత్రిగారు ఆ చుక్కను చూసి, "ఆహా, ఎంత అల్పులమయ్యా మనం!" అని పదకొండుం పావుకే కళ్లు తుడుచుకున్నారు. పట్టిక తప్పలేదు. ఆ పటం ఇప్పటికీ మా హాల్లో ఉంది. బడిపిల్లలు వరసగా వచ్చి మూతపెట్టిన కెమెరాకు దణ్ణాలు పెట్టిపోతుంటారు.

సోమవారం రెండు కాగితాలు వచ్చాయి. సెలవు పెట్టిన రోజు ఆయన సంతకం చెల్లదట, అనుమతి లేకుండా ఆదేశం పంపినందుకు బావను సామాన్ల గిడ్డంగికి మార్చారు. నన్ను ఆఫీసరును చేశారు.

సాయంత్రం అక్కావాళ్లింటికి వెళ్లాను. అక్క నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. "ఆఫీసరయ్యావటగా తమ్ముడూ! ఈయన చూడు, గిడ్డంగిలో పడ్డాడు. నా ఆపరేషను సంగతి ఆ దిక్కుమాలినవాళ్లకు ఎవడు చేరేశాడో, వాడి నోరు పడిపోను!" అంది.

నేను నేల చూపులు చూస్తున్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బావ ఈశ్వరుడు కాడు, నాకొక్కడికే చెప్పిన మనిషి. వంటింట్లోంచి రెండు కప్పుల టీ తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, తిట్టండి," అన్నాను గొంతు తగ్గించి. "కొట్టండి. ఏదో ఒకటి అనండి."

ఆయన ఊదుకుంటూ తాగుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. పన్నెండేళ్లు నేను వెక్కిరించిన టీ అది, చివరి చుక్కదాకా తాగాను. ఆయన రెండు కప్పులూ తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మరో మూడేళ్లు గడిచాయి. ముసలమ్మ దగ్గర్నుంచి రోజూ కబురొస్తూనే ఉంది. రెండు వీధుల అవతలున్న మా బావ దగ్గర్నుంచి మాత్రం ఇంతవరకూ ఒక్క మాట లేదు.