నెట్టుకు తొడుగు

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన నస్పూర్ హనుమంతుకు దుమ్మంటే పగ. ఆయన ఇంట్లో ఫ్రిజ్‌కు తొడుగు, మిక్సీకి తొడుగు, టీవీ రిమోట్‌కు కూడా ప్లాస్టిక్ తొడుగు. ఆ ఇంట్లో తొడుగు లేనిది ఆయన నోటికొక్కదానికే.

వైఫై ముందు గదిలో, కంప్యూటర్ వెనక గదిలో. రెంటినీ కలపడానికి హనుమంతు మంచిర్యాల వెళ్లి గాలిలో వచ్చే వైఫై సిగ్నల్‌ను అందుకునే యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చాడు. దాన్ని ఒక చిన్న వైరుతో కంప్యూటర్‌కు తగిలించి, డ్రైవర్ ఎక్కించి, పాస్‌వర్డ్ కొట్టగానే నెట్టు వచ్చింది. ఛాతీ విరుచుకున్నాడు. వెంటనే దుమ్ము గుర్తొచ్చింది. తను డ్యూటీకి అన్నం పట్టుకెళ్లిన స్టీలు డబ్బా వెతికి తెచ్చాడు. మూతకు గాటు పెట్టి వైరు బయటికి వదిలి, అడాప్టర్‌ను లోపల పెట్టి గట్టిగా బిగించాడు.

నెట్టు పోయింది.

హనుమంతు దుకాణదారుకు ఫోన్ చేసి ఎగిరాడు. "సచ్చిన సామాన్ అంటగడ్తవా? జర ఇమానుండాలె!" తరువాత నెట్టు కంపెనీని తిట్టాడు. కురవని మబ్బును కూడా వదల్లేదు.

భార్య సమ్మవ్వ చాయ్ తెచ్చి డబ్బా వంక చూసింది.

"గిదేంది, దీన్ని గూడ బాయిల దింపినవా?"

"దుమ్ము పడద్దని పెట్టిన. నీకేం తెల్సు?"

"నువ్వు బాయిల ఉన్నప్పుడు నేను మీదికెళ్లి పిలిస్తె ఏనాడన్న ఇనవడ్డదా?" అంటూ ఆమె మూత తీసింది.

నెట్టు వచ్చింది. ఆ పూటకు హనుమంతు నోటికి కూడా తొడుగు పడింది.