నా బిడ్డ ఏరు అన్న రోజు

బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలో తెలియక గడప గడపా తిరిగిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. ఖమ్మంలో బైపాసు దాటాక, వరి పొలాలను ప్లాట్లు చేసి అమ్మిన కొత్త కాలనీలో ఉండేవాళ్లం. చూస్తుండగానే ఇళ్లు లేచేవి. సరైన రోడ్డు లేదు, నల్లా లేదు, ఇళ్లలో పెద్దవాళ్లూ లేరు. అందరం కిరాయికి వచ్చినవాళ్లమే.

నేను ఒక ప్రైవేటు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. కాన్పు సెలవు అయిపోయింది, ఆ తర్వాత బతిమాలి తెచ్చుకున్న జీతం లేని సెలవులూ అయిపోయాయి. సోమవారం నుంచి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని డాక్టరుగారు మర్యాదగానే చెప్పారు. మా ఆయన గ్రానైట్ లారీల వెంట తిరిగే మనిషి. సత్తుపల్లిలో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేస్తే గేదెలను ఎవరు చూస్తారని అడిగింది. గేదెలకున్న విలువ మనవరాలికి లేదా అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. కాన్వెంటు వాళ్లేమో మూడేళ్లు నిండితేనే తీసుకుంటామన్నారు. నా బిడ్డకు ఏడాదిన్నర. ఓట్లు అడిగేవాళ్లలాగా ఇంటింటికీ వెళ్లాను. ఒకావిడ చక్కగా కాఫీ ఇచ్చి, చంటిపిల్లను వదిలి ఉద్యోగం చేయాల్సినంత కష్టం ఏమొచ్చిందని అడిగింది. అక్కడ నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చాను.

చివరికి ఒక కోయ మనిషి దొరికింది. చర్ల అవతల అడవి పల్లె నుంచి వచ్చింది. మా ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంటుకు ఆమె భర్త వాచ్‌మన్. తన పిల్లలను ఊళ్లో తల్లి దగ్గర వదిలి వచ్చానని చెప్పింది. నాకు జాలి కలగాలి కదా. ముందు కలిగింది నిశ్చింత, ఇంకెవరి పనీ లేదు, నా పిల్లనే చూసుకుంటుందిలే అని. అంత స్వార్థం ఉండేది నాలో.

నాతో ఆమెకు మాటలు తక్కువ. పిల్లతో మాత్రం తన భాషలో రోజంతా ఏదో చెబుతూ, పాడుతూ ఉండేది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల కడుపు నిండి, తల దువ్వించుకుని, నవ్వుతూ ఎదురొచ్చేది. నాకు ఇంకేం కావాలి? అయినా పక్కింటావిడ నన్ను ప్రశాంతంగా ఉండనివ్వలేదు. అడవి మనుషులని, ఏం తినిపిస్తారో ఎక్కడికి తీసుకుపోతారో చూసుకోమని, రోజూ చెవిలో జోరీగలాగా పోరేది. నేను ఛ, అదేం లేదు అంటూనే అంతా వినేదాన్ని.

వానాకాలం. ఊరి పక్క మున్నేరు నిండుగా పారుతున్నదని అందరూ చెప్పుకుంటున్నారు. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి పక్కింటావిడ మా ముందు గదిలో కూర్చుని ఉంది. పిల్ల నా చంక ఎక్కి, వాకిలి వైపు చేయి చాపి "ఏరు, ఏరు" అంది. ఏడుపు మొహం పెట్టి మళ్లీ అంది. నాకు మున్నేరే గుర్తొచ్చింది. పక్కింటావిడ, నేను చెప్పలేదా అన్నట్లు చూసింది.

"పిల్లను ఏటికి తీస్కపోయినవా?" అని గుమ్మంలో నిలబడ్డ కోయ మనిషిని అడిగాను.

"పోలే అక్కా."

పోకపోతే దీనికి ఏరు ఎట్లా తెలుసని నిలదీశాను. అబద్ధాలకోరు అన్నాను. పిల్లకేమైనా అయితే నీ పిల్లలు బాగుంటారా అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే నా నోరు నాకే అసహ్యం.

ఆమె వాకిట్లోకి నడిచింది. గుమ్మం బయట ట్యాంకరు నీళ్లు పట్టి పెట్టిన బిందెలో గ్లాసు ముంచి తెచ్చింది. పిల్ల రెండు చేతులతో లాక్కుని గటగటా తాగేసింది.

"నీళ్లను మా కోయ మాటల ఏరు అంటరక్కా. దానికి దూపయితాంది."

పక్కింటావిడ పగలబడి నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ ముందు పరువు పోతుందని నేనూ నవ్వేశాను. నవ్వి, "ఇప్పటి సంది దానితోని తెలుగే మాట్లాడు" అన్నాను, తప్పంతా ఆమె భాషదే అన్నట్లు.

"సరే అక్కా" అంది.

మర్నాడు రాదేమోనని గేటు దగ్గర నిలబడ్డాను. నా భయమంతా ఉద్యోగం గురించే, ఆమె మనసు గురించి కాదు. వేళకే వచ్చి పిల్లను ఎత్తుకుంది. పాట మాత్రం పాడలేదు. ఆమెకు వచ్చిన తెలుగు పనికి సరిపోయేది, పాటకు సరిపోయేది కాదు. ఆ తర్వాత మా ఇంట్లో పాట వినబడలేదు.

ఆ వారంలోనే ఒక పూట సెలవు దొరికి ఇంట్లో ఉన్నాను. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఏరు అంది. ఆమె గ్లాసు నింపి తెచ్చింది కానీ ఇవ్వలేదు. నీళ్లు అను, నీళ్లు అను అని మెల్లగా చెప్పింది. పిల్లకు అర్థం కాలేదు. ఏరు అంటూ గ్లాసుకు చేతులు చాపి ఏడుపు మొదలుపెట్టింది. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. గ్లాసు పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఇయ్యాల్నా అక్కా?" అని అడిగింది.