సార్ రాగి బిందె

సాగర్ కాలువ వదిలిన రోజుల్లో మిర్యాలగూడ దాటాక బండి ఆపితే, పొలాల మీదుగా పచ్చి నాచు వాసన వస్తుంది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మా యాదగిరి సార్ కళ్లముందు మెదులుతారు.

కోదాడ కాలేజీలో నాకు వృక్షశాస్త్రం చెప్పింది ఆయనే. సొంతూరు ఆత్మకూరు, ఉండేది సూర్యాపేటలో. ప్రయోగశాల మూలన ఆయన రాగి బిందె ఉండేది. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్లకు మించిన మందు లేదని ఆయన గట్టి నమ్మకం. వద్దన్నా మాకు తాగించేవారు.

మా పాలకీడు వైపు నాచు చావాలని మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి, పొలంలోకి నీరు పారే మడవలో వేస్తారు. తుత్తమంటే రాగి విషమే. అయినా మూట పక్కన కొంత నాచు నిక్షేపంగా బతికేది. ఎందుకని సార్‌ను అడిగాను.

"ఇంట్ల దొంగ వడితే అందరు లేస్తరు గద బిడ్డా. గట్లనే విషం తగలంగనే కణంల కొన్ని జన్యువులు లేస్తయి. రాగిని పట్టి కట్టేసే సరుకు తయారు చేయిస్తయి," అన్నారు.

అదే నా ప్రాజెక్టు అయింది. పొలం నాచు, ఇంటి తొట్టిలోని నాచు విడివిడిగా సీసాల్లో పెంచాను. సగం సీసాల్లోనే తుత్తం కలిపాను. తీరా చూస్తే తుత్తం కలపని సీసాల్లో కూడా తొట్టి నాచు తెల్లబడి చచ్చింది. పోల్చడానికి ఏమీ మిగల్లేదు. ప్రాజెక్టు పోతే ఆ ఏడాది పోయినట్టే, మళ్లీ చదివించే ఓపిక ఇంట్లో లేదు. ఏడుపొక్కటే తక్కువ.

"నీళ్లు ఏడియి?" అన్నారు సార్.

"మీ బిందెలోవే సార్. మీరే పొయ్యమన్నరు."

ఆయన వెళ్లి బిందెలోకి తొంగి చూశారు. "ఇగ ఖతం. రాత్రంత నీళ్లల్లకు రాగి దిగింది. నేనే సంపిన."

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ సీసాల దగ్గరే ఆగి కారణం అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సార్ లేచి నిలబడ్డారు. తోటి అధ్యాపకులు, పిల్లలు అందరూ ఉన్నారు.

"తప్పు నాది సార్. రాగి బిందెల నీళ్లు నేనే పొయ్యమన్న. గీ పిల్లకేం తెల్వదు."

పరీక్షకుడు నవ్వి నా వైపు తిరిగాడు. "మరి ఆ నీళ్లలో పొలం నాచు ఎలా బతికిందమ్మా?" అని అడిగాడు. తెలిసినంత చెప్పాను, గట్టెక్కాను. ఆ జన్యువులు మేల్కోవడాన్ని కొలిచే పని తర్వాత నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే చేస్తున్నాను. సార్ లేరు. ఉంటే ఫలితాలు చూపించి, మందన్న ఆ బిందె నీళ్ల గురించి పోట్లాడేదాన్ని.

ఇప్పుడు నా దగ్గరా చదువుకునే పిల్లలున్నారు. ప్రయోగం చెడిపోయి భయంభయంగా వస్తే, ముందు నేనేం చెప్పానో అడుగుతాను. మేడమ్ తప్పు మేడమ్‌కే చెప్పాలంటే వాళ్లకు మహా మొహమాటం. కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాను, చెప్పేదాకా కదలనివ్వను.