టీతో పాటు ఇచ్చిన బిళ్ళలు

ఈ మాట ఇన్నేళ్ళూ నా గొంతులోనే ఉండి, తిన్న ప్రతి ముద్దకూ అడ్డం పడుతూ వచ్చింది. పేరు చెప్పను. సంగతి మీకు చెబుతాను.

ఎనభైల చివర్లో దాచేపల్లి దగ్గర నాపరాళ్ళ క్వారీలో నేను మేస్త్రీని. మా అక్క భర్త అక్కడే రాయి కొట్టేవాడు. ఆయన దెబ్బకు పలక గీత గీసినట్టు చీలేది. ఒక ఏడు ఆయన కాళ్ళు వాచాయి, పొట్ట మీద నరాలు తాళ్ళలా తేలాయి. తాగుడు వాపని పదిమందిని నవ్వించాను. ఆయన తాగడని నాకు తెలుసు.

మద్రాసు తీసుకెళ్తే, పొట్టలో పెద్ద సిర మూసుకుపోయి, నెత్తురు వెనక్కి తన్ని మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. అప్పుడప్పుడే వస్తున్న వైద్యం. సిరలో వలలా అల్లిన లోహపు గొట్టం పెట్టి దారి తెరిచారు. మూత్రం మళ్ళీ వచ్చింది. నిండిన సీసాను బావ చంటిబిడ్డను చూపినట్టు నాకు చూపించాడు.

డాక్టరుకు తెలుగు రాదు. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చు. మూత్రపిండాలు కోలుకుంటున్నాయి, నొప్పి బిళ్ళలు మాత్రం ముట్టకూడదు, ముడితే పూర్తిగా పోతాయి, ఆయనకు చెప్పు అన్నాడు.

చెప్పలేదు.

క్వారీలో పొద్దున్నే కూలీలకు టీతో పాటు నొప్పి బిళ్ళలు పంచేది నేనే. అవి మింగితేనే నడుములు వంగేవి. ఆయన వంగకపోతే మంచి పలక రాదు, యజమాని ముందు నాకు విలువుండదు. అందుకేనా? లేక అందరూ ఆయన పనితనాన్నే మెచ్చుకుంటుంటే కడుపు మండిందా? రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో తేల్చుకోవడానికి నాకిప్పటికీ భయం.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు ఆయన బిళ్ళను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఇది ఏసుకోవచ్చా? డాక్టర్ని అడిగావా?"

"అడిగా. ఏం కాదన్నాడు. ఏంది బావా, మద్రాసు పోయొచ్చి మహారాజువయ్యావా? మింగు, లారీ నిలబడుంది."

పక్కవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వి మింగాడు. రోజూ మింగాడు.

ఎండాకాలం దాటకముందే ముఖం ఉబ్బింది, మూత్రం ఆగింది. గుంటూరులో డాక్టరు పరీక్షలు చేయించి, సిర బాగానే తెరుచుకుని ఉంది, నొప్పి బిళ్ళలేమైనా వాడాడా అని అడిగాడు. లేదన్నాను. మంచం మీద బావ, ఆ గొట్టమే మంచిది కాదేమోరా అన్నాడు. అంతే బావా అన్నాను. అలాగే పోయాడు.

అక్క ఇప్పటికీ ఆ గొట్టం పెట్టిన ఆసుపత్రినే తిడుతుంది. నా తమ్ముడు మద్రాసు దాకా తీసుకెళ్ళాడని అందరికీ చెప్పి, కూరలో మంచి ముక్క నా కంచంలోనే వేస్తుంది. తింటాను.

బావను చంపింది నేను. ఇది రాశాక గొంతు కొంచెం వదులైంది. అంతకు మించి ఏమీ కాలేదు. అక్కకు చదువు రాదు. అందుకే రాయగలిగాను.