గడ్డం లేని హీరో

డిగ్రీ రెండో ఏడాది వేసవి సెలవుల్లో, నరసరావుపేట కోర్టు వెనక సందులో మస్తాన్ భాయ్ నడిపే గేమింగ్ సెంటర్లో ఆపరేటరుగా చేరాను. ఇరవై ఏడో ఏట మణికట్టు నొప్పితో రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, సమోసా పెట్టారు. ఆపరేటరంటే హోదాలో యజమానికి కింద, టేబుల్ ఫ్యానుకి పైన. కంట్రోలర్లు తుడవడం, అరగంట కాగానే టైమైందని చెప్పి తిట్లు తినడం నా విధులు.

ఊళ్ళో మిగతా సెంటర్లలో కాపీ గేములు ఆడించేవారు. భాయ్ దగ్గర అన్నీ ఒరిజినల్ డిస్కులే. బోర్డు మీద కూడా ఆ మాటే పెద్దక్షరాల్లో ఉండేది. ఆయన వ్యాపారమంతా ఆ మాట మీదే నిలబడింది.

అప్పుడే ఒక యాక్షన్ గేముల సిరీస్‌ని కంపెనీవాళ్ళు రీబూట్ చేశారు. అంటే పాత కథ పక్కనపెట్టి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. పాత హీరోకి బారెడు గడ్డం, రెండు గొడ్డళ్ళు, మాటలు తక్కువ. మావాళ్ళు అతన్ని గడ్డం బాబాయ్ అనేవారు. కొత్తవాడికి నున్నటి చెంపలు. ఒకణ్ణి నరికాక కూర్చుని బాధపడతాడు. ఆ కొత్త డిస్కు పాత పేరుతోనే మా సెంటరుకొచ్చింది.

మొదట అనుమానపడింది శివ. వెల్దుర్తి నుంచి వచ్చి ఇక్కడ చదువుకునేవాడు. అంతకుముందు ఏడాదే వాళ్ళ నాన్న నకిలీ పత్తి విత్తనాలు వేసి పంట పోగొట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది? బాబాయ్ ఏడీ?"

"వీడే రా. కుర్రతనంలో," అన్నాను.

"మా నాన్నకి షాపోడు కూడా ఇట్టాగే చెప్పాడు. సంచి మీద బొమ్మ అదే, లోపల గింజ వేరే."

సీలు కోసేటప్పుడు ఎవరూ చూడలేదన్నది అతని ప్రధాన అభియోగం. నిజమే. షాపు తెరవకముందే డిస్కులు మిషన్లలోకి ఎక్కించడం మా పద్ధతి. సాయంత్రానికి సందంతా డిటెక్టివులే. ఒకడు కవరు మీది హోలోగ్రాం గోకాడు. ఇంకొకడు డిస్కుని వాసన చూశాడు, ఏం తేలిందో చెప్పలేదు. వారం తిరక్కుండా సగం కుర్చీలు ఖాళీ. కొన్న షాపులోనే భాయ్ మోసపోయాడేమోనని నాకు అనుమానం. నేనే డిస్కు మార్చానేమోనని భాయ్‌కి అనుమానం. ఇద్దరం ఒకరితో ఒకరం మరీ మర్యాదగా మాట్లాడుకోసాగాం.

పరీక్ష ఎట్లాగో శివే చెప్పాడు.

"కొత్త విత్తనమైతే గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూస్తాం భాయ్. దీనికీ చూద్దాం. ఇంకో డిస్కు నేనే తెస్తా. షాపు కూడా నేనే చూసుకుంటా."

"తీసుకురా బేటా. వేరే మొహం కనబడితే బోర్డు దింపేస్తా."

శివ గుంటూరు బస్సెక్కి, తనకు నచ్చిన షాపులో కొని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మిషన్లో ఉన్న గేముని అందరూ చూస్తుండగా నేను తీసేశాను. సీలు అతనే కోశాడు. తెర వెలిగింది.

అవే నున్నటి చెంపలు.



"అంటే భాయ్, కంపెనీవోడే నకిలీ చేశాడా?" అన్నాడు శివ.

"కంపెనీవోడు చేస్తే నకిలీ అనరు బేటా. కొత్త రకం అంటారు."

బోర్డు దిగలేదు. కుర్చీలు మళ్ళీ నిండాయి, కాకపోతే రెండు పార్టీలుగా. పాత గేము ఆడే గడ్డం వర్గం ఎడమవైపు, చెంపల వర్గం కుడివైపు, మధ్యలో టైమైందని చెబుతూ నేను. ఎడమవైపు నాయకుడు శివ. జనం లేని మధ్యాహ్నాల్లో మాత్రం కుడివైపు కూర్చునేవాడు.

అప్పట్నుంచి ఏ డిస్కు వచ్చినా సీలు కస్టమరు చేతే కోయించాం. సరుకు అసలుదేనని చూపించడం వరకే ఆపరేటరు పని. అది వాళ్ళకు నచ్చాలన్న పూచీ మాది కాదు.