ఆమె పేరు మీది సర్టిఫికెట్

ఆ కంటి ఆసుపత్రిలో మెయిల్ సర్వర్ చూసుకునే పెద్దాయనను అందరూ తాళాల బాబాయ్ అనేవారు. ఆయన గదిలోకి గాలి రావాలన్నా కిటికీ దగ్గర ఆగి, తానెవరో చెప్పుకోవాలట. అందులో అబద్ధం కొంచెమే. మామూలుగా సర్వరొక్కటే తన గుర్తింపు చూపిస్తుంది. బాబాయ్ సర్వర్ ఎదుటివాళ్లనూ వదలదు. మెయిల్ పంపాలనుకునే ప్రతి ప్రోగ్రామూ తన సర్టిఫికెట్, అంటే కంప్యూటర్లో దాచుకునే గుర్తింపు పత్రం, చూపించాలి, దానికి జతైన రహస్య కీ తన దగ్గరే ఉందని రుజువు చేసుకోవాలి. పాస్‌వర్డులూ గీస్‌వర్డులూ ఆయన దగ్గర చెల్లవు.

రోగులకు రిపోర్టులు పంపే ప్రోగ్రాము రాసింది ఆయన భార్యే. ఎదుటి బల్ల ఆమెది. సర్వర్ మొదటిసారి ఆమె కోడ్‌ను వెనక్కి పంపినప్పుడు కుర్చీ గిర్రున తిప్పింది.

"ఏవండీ, కట్టుకున్న పెళ్లాన్ని కూడా గుమ్మంలో నిలబెడతారా?"

"ఇంట్లో ఎలాగూ నీ మాటే. ఇక్కడైనా నా మాట సాగనీవే."

నవ్వుతూనే సర్టిఫికెట్ చేసిచ్చాడు. పొరపాటు అక్కడే జరిగింది. సర్టిఫికెట్ ప్రోగ్రాము పేరు మీద ఉండాలి, మనిషి పేరు మీద కాదు. ఆ నియమం పెట్టిందీ ఆయనే. ముచ్చటపడి ఆమె పేరు పెట్టేశాడు.

కొన్నాళ్లకు ఆమె జ్వరమని పడుకుంది, మరి లేవలేదు. బల్ల మీద కళ్లజోడు పెట్టె అలాగే ఉండిపోయింది. కానీ రోజూ పొద్దున్నే రిపోర్టులు కదిలే వేళకు ఆయన తెర మీద ఆమె పేరు కనిపించేది, పక్కనే 'ప్రవేశం ఉంది' అని. అది చూశాకే టీ గొంతు దిగేది.

శాఖకు కొత్తగా వచ్చిన అధికారిణి కంట ఆ పేరు పడింది. పోయినవాళ్ల పేరుతో తలుపు తెరిచి ఉంచకూడదు. ఆ కీ ఎవరి చేతికైనా చిక్కితే, ఆమె పేరు చెప్పుకుని రోగులకు ఏదైనా పంపేయగలరు.

"బాబాయ్ గారూ, మీరు బయట కూర్చోండి. నేను తీసేస్తాను."

"వద్దమ్మా. ఇచ్చిన చెయ్యే తీసుకోవాలి."

కోడ్ తెరిచాడు. సర్టిఫికెట్ ఎక్కడుందో చెప్పే వరుస, కీ ఎక్కడుందో చెప్పే వరుస, రెండూ మార్చి ప్రోగ్రాము పేరుతో చేసిన కొత్తవి పెట్టాడు. రిపోర్టు వెళ్లింది. ఆమె సర్టిఫికెట్ రద్దు చేశాడు.

అంతటితో తీరలేదు. రద్దయినదాన్ని సర్వర్‌కు ఒకసారి చూపించి, అది కాదన్నాకే పని పూర్తయినట్టు. అదీ ఆయన పెట్టిన నియమమే.

పాత కోడ్‌ను మళ్లీ నడిపాడు. ఆమె పేరు తెర మీదికి వచ్చింది. పక్కనే, 'ప్రవేశం లేదు.'

"సరిగ్గా పనిచేస్తోందా, బాబాయ్ గారూ?"

"బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా," అన్నాడు. ఎదుటి బల్ల వైపు చూసి, గొంతు తగ్గించి, "గుమ్మంలో నిలబెట్టేశానే," అన్నాడు.